కరువులో కీర్తన: మన ఒంగోలు తాతల కథ



పోయిన నెల మన తెలుగు సంఘం కూటం అయ్యాక అందరం నిలబడి టీ తాగుతున్నాం. మన వీధి పిల్లోడొకడు, కాలేజీలో చదువుతున్నాడు, తెలివైనవాడు, మమ్మల్ని నేరుగా అడిగేశాడు. "తాతా, మీ వాళ్ళంతా కరువులో బియ్యం కోసం మతం మారినవాళ్ళే గదా? నెట్‌లో అట్లానే రాసుంది." పెద్దలు కొందరు నవ్వారు, కొందరు వాణ్ణి కసిరారు. మేము కసరలేదు. వాడు అంతటితో ఊరుకోలేదు. "ఇంకోటి కూడా తాతా. కరోనాలో మా ఎదురింటి అవ్వ పోయిన రోజు మీ వాళ్ళు వాకిట్లో నిలబడి పాటలు పాడారు. అంత కష్టంలో పాటేంది?"

రెండూ మంచి ప్రశ్నలే. మొదటి మాట మాకు కొత్త కాదు. తమిళ బడిలో చదివే రోజుల్లోనే వెనక బెంచీ నుంచి విన్నాం. అప్పుడు జవాబు తెలీదు, తల దించుకున్నాం. ఇప్పుడు రైల్వే పెన్షన్ పుణ్యమా అని కూర్చుని చదువుకునే తీరిక ఉంది. వాడికి ఆ రోజు టీ గ్లాసుతో నిలబడి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి.

మేము అంటే ఎవరమో ముందు చెప్పాలి. ఒంగోలు, నెల్లూరు పక్క పల్లెల నుంచి మూడు నాలుగు తరాల కిందట వచ్చి వాషర్‌మెన్‌పేట్, కొరుక్కుపేట్, తండయార్‌పేట్ సందుల్లో నిలిచిపోయిన తెలుగు కుటుంబాల వాళ్ళం. మా అవ్వలు ఈ ఊరిని చాకలిపేట అనే అనేవాళ్ళు. కంపెనీ కాలంలో గుడ్డలు ఉతికి చలువ చేసేవాళ్ళ పేట గనుక ఆ పేరు. మా తాతల్లో కార్పొరేషన్ వీధులు ఊడ్చినవాళ్ళు ఉన్నారు, తోలు పని చేసినవాళ్ళు ఉన్నారు, హార్బరులో మూటలు మోసినవాళ్ళు ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసు ఫైల్లో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాకు ఏ బడీ నేర్పలేదు. అమ్మ ఒడిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పెట్టుకుని వేలు పెట్టి నేర్పింది. అందుకే ఇందులో తప్పులు కనబడితే మన్నించండి.

మన ఇళ్ళ దగ్గర రెండు గుర్తులున్నాయి. రోజూ చూస్తాం గానీ చూడం. ఒకటి స్టాన్లీ ఆస్పత్రి. పాత ముసలాళ్ళు ఇంకా దాన్ని కంజి తొట్టి ఆస్పత్రి అనే అంటారు. 1782 కరువులో అక్కడ ఒక మణియకారు, అంటే ఊరి పెద్ద, గంజి పోయించాడు. మణియకారు సత్రం అనే పేరు అట్లా వచ్చింది. ఆ గంజి తొట్టి దగ్గరే పెరిగి పెరిగి ఆస్పత్రి అయింది. రెండోది బకింగ్‌హామ్ కాలువ. బేసిన్ బ్రిడ్జి, కొరుక్కుపేట్ పక్కగా పోతుందే, ముక్కు మూసుకుని దాటుతామే, అదే. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కొంచెం తవ్వి దాన్ని కాక్రేన్ కాలువ అన్నారు. తరువాత ఉత్తరానికి పెద్దగంజాం దాకా, దక్షిణానికి మరక్కాణం దాకా పొడిగించారు. మొత్తం 420 కిలోమీటర్లు. పిల్లోడి రెండు ప్రశ్నలకూ జవాబు ఈ కాలువ ఒడ్డునే ఉంది. కాకపోతే మన దగ్గర కాదు, అటు ఒంగోలు దగ్గర.

కరువుకు ముందు సంగతి కొంచెం చెప్పకపోతే కథ అర్థం కాదు.

అమెరికా బాప్టిస్టులు శామ్యూల్ డే అనే ఆయన్ను తెలుగువాళ్ళ కోసం 1830ల్లోనే పంపారు. ఆయన కొంతకాలం మన మద్రాసులోనే ఉండి 1840లో నెల్లూరు వెళ్ళాడు. ఏళ్ళ తరబడి కష్టపడినా చేరినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అమెరికాలో ఉన్న పెద్దలకు విసుగొచ్చింది. ఖర్చు దండగ, మూసేద్దాం అన్నారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అన్నారు. వాళ్ళ పటంలో అంత పెద్ద తెలుగు దేశానికంతా ఒక్క నెల్లూరే చుక్కలాగా కనబడేదని దానికి ఒంటరి తార అని పేరు పడింది. ఆఫీసుల్లో పని చేసినవాళ్ళకు ఇది బాగా తెలుసు. రాబడి లేని స్టేషనును మూసేయమని ఫైలు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిరుగుతూనే ఉంటుంది.

1854 జనవరి 1. లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు, మొత్తం ఐదుగురు, తెల్లవారకముందే ఒంగోలు పక్కనున్న కొండెక్కారు. కింద ఊరు నిద్రపోతోంది. ఒక్కొక్కరుగా ప్రార్థన చేశారు, పాట పాడారు. చేతిలో ఏముందని? మూసేయమనే ఫైలు ఉంది, అంతే. ఒంగోలులో అప్పటికి సంఘమే లేదు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. దొరల పేర్లు పుస్తకాల్లో పెద్దక్షరాల్లో వేస్తారు. జూలియా, రూతుల గురించి నాలుగు పంక్తులకు మించి దొరకదు. మాకు మాత్రం ఆ తెల్లవారుజామున వాళ్ళిద్దరి గొంతులే వినబడతాయి. మా అవ్వల గొంతులు గదా.

పన్నెండేళ్ళ తరువాత, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. ఈయన చిన్నప్పుడు అమెరికాలో భూమి సర్వే చేసే పని నేర్చుకున్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుకు పనికొస్తుంది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. అప్పటికే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకుని ఉన్నారు. తోలు వ్యాపారం చేసే మనిషి, ఊరూరూ తిరిగే మనిషి. ఆయన తిరిగిన దారినే సువార్త తిరిగింది. దొర బోధించాడు, నిజమే. కానీ మాదిగపల్లెల్లోకి దాన్ని మోసుకెళ్ళింది పేరయ్యే.

ఇక్కడ ఒక ముడి పడింది. ఒంగోలు పై కులాల వాళ్ళు క్లౌ దొర దగ్గరికి వచ్చి, వీళ్ళను చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలను నీ బడికి పంపము అన్నారు. ఆయనకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆయన ఒక గదిలో, భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం, లోకం తక్కువగా చూసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం, కనబడిందని ఆయనే రాసుకున్నాడు. దాంతో తేలిపోయింది. చదువుకున్న పిల్లలు వెళ్ళిపోయారు, మావాళ్ళు వచ్చారు.

వచ్చినవాళ్ళకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవి. పల్లెలో బతికే వెట్టి మాదిగకు ఇవి ఎంత ఖరీదో చూడండి. ఆదివారం పనికి రానంటే రైతు ఊరుకోడు. జాతరకు డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. చచ్చిన పశువు వద్దంటే కరువు రోజుల్లో ఉన్న ఆ ఒక్క కూరా పోతుంది. వీటికోసం దెబ్బలు తిన్నారు, బావుల దగ్గరికి రానివ్వలేదు, తప్పుడు కేసులు పెట్టారు. బియ్యం కోసం వచ్చారు అనేవాళ్ళు ఈ పదేళ్ళ లెక్కను ముందు చూడాలి. కరువు రాకముందే ఒంగోలు సంఘంలో మూడు వేల మందికి పైగా ఉన్నారు. వాళ్ళకు ఎవరూ బియ్యం పంచలేదు. ఉన్నదే పోగొట్టుకున్నారు.

ఇక 1876. వానలు తప్పాయి. మరుసటి ఏడూ తప్పాయి. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి, హైదరాబాదు అంతా ఎండింది. రెండు మూడేళ్ళలో చచ్చినవాళ్ళ లెక్క 50 లక్షలకు పైమాటే. మద్రాసు సముద్రపు ఒడ్డున ధాన్యపు మూటలు కొండల్లాగా ఉండగానే ఆ పక్కనే మనుషులు పడి చచ్చారు. రైలు వచ్చింది, ఇక కరువు రాదు అనుకున్నారు ఆ కాలపు పెద్దలు. మన రాయపురం స్టేషను నుంచి 1856లో దక్షిణాదిలో తొలి రైలు నడిచింది గదా, అప్పటికి దానికి ఇరవై ఏళ్ళు. ధాన్యం రైల్లో వచ్చింది, ధర కూడా దానితోపాటే పైకెక్కింది. కొనేవాడి చేతిలో డబ్బు లేకపోతే వ్యాగన్ ఎవరికోసం? గూడ్సు లెక్కలు రాసినవాళ్ళంగా ఇది చెప్పడానికి మాకు నోరు రాదు, అయినా నిజం.

కలకత్తా నుంచి రిచర్డ్ టెంపుల్ దొరను పంపారు. ఆయన కరువు పనుల కూలి తగ్గించాడు. రోజంతా మట్టి మోసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా రాదు. మద్రాసు ఆరోగ్య అధికారి కార్నిష్ దీనిమీద గట్టిగా పోట్లాడాడు, కొన్ని నెలలకు కూలి కొంచెం పెరిగింది. ఈలోపు పోయినవాళ్ళు పోయారు.

అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు. కరువు పనుల కింద కాలువ తవ్వించారు. మన ఊళ్ళో కూవం, అడయారులను కలిపిన ఎనిమిది కిలోమీటర్ల ముక్క ఆ కరువులో తవ్విందే. 1878లో కాలువకు ఆయన పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఏ రాతిమీదా లేవు.

ఒంగోలు దగ్గర క్లౌ దొర చిన్నప్పటి సర్వే చదువు ఇక్కడ పనికొచ్చింది. ఆ కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కను ఆయన కంట్రాక్టు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర తాటాకు గుడిసెలు వేయించాడు. మిగతా చోట్ల మాలమాదిగలను మేస్త్రీలు తిట్టి, కొట్టి, కూలి కొట్టేస్తున్నారని విన్నాడు గనుక తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చారు, అన్ని కులాల వాళ్ళూ వచ్చారు. పగలంతా తవ్వకం. అలిసి కూర్చున్నప్పుడు, సాయంత్రం గుడిసెల ముందు, బోధకులు మాట్లాడేవాళ్ళు, పాడేవాళ్ళు. ప్రయాసపడి భారం మోసేవాళ్ళను యేసు తన దగ్గరికి రమ్మని పిలిచిన మాట అక్కడ అన్నిటికంటే ఎక్కువ చెప్పిన మాట. మట్టి గంప నెత్తిమీద ఉన్నవాడికి దాన్ని విడమరచి చెప్పే పని ఏముంది.

అక్కడే చాలామంది బాప్తిస్మం అడిగారు. ఇప్పుడు పిల్లోడు చెవి పెట్టి వినాలి. క్లౌ దొర ఇవ్వలేదు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. తన చేతిలో కూలి ఉంది, సాయం డబ్బు ఉంది, ఇప్పుడు ఇస్తే గంజి కోసం వచ్చారంటారని ఆయనకు తెలుసు. నూట యాభై ఏళ్ళ తరువాత చాకలిపేటలో టీ గ్లాసు పట్టుకుని ఒక పిల్లోడు అడగబోయే ప్రశ్నను ఆయన అప్పుడే విన్నట్టుంది.

1878 మధ్యకు వచ్చేసరికి సాయం పంపకాలు ముగిశాయి. ఇక ఇచ్చేదేమీ లేదని ఆయన కబురు పంపాడు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బోధకులతో కూడిక పెట్టుకుంటే, పిలవకుండానే జనం వచ్చి పడ్డారు. డబ్బు లేదు, వెళ్ళిపోండి అన్నాడు. అప్పుడు వాళ్ళు చెప్పిన జవాబు ఆయన రాసి పెట్టాడు. మాకు మీ సాయం అక్కరలేదు, మా చేతుల బొబ్బలు చూడండి, మేము పని చేసి బతికేవాళ్ళమే. వచ్చే పంట కూడా పోతే మేము చస్తాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం, అందుకని బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. ఆ మాటల సారం ఇది.

ఇక్కడికి వచ్చినప్పుడల్లా మేము చదవడం ఆపి కాసేపు కూర్చుంటాం.

వాళ్ళలో ఇంట్లో ఎవరినో పూడ్చకుండా వచ్చినవాళ్ళు తక్కువ. వానలు పడతాయో లేదో తెలీదు. అయినా వాళ్ళు అడిగింది గింజలు కాదు. బోధకులు ఊరి ఊరిగా కూర్చోబెట్టి ఎవరెవరో విచారించారు. ఆ తరువాత నదిలో దిగారు. జూలై 2న 614 మంది. జూలై 3న 2,222 మంది. జూలై 4న 700 మంది. కూడితే మూడు రోజుల్లో 3,536. గుమాస్తా బుద్ధి పోదు గదా, మేము రెండో రోజు లెక్క వేసి చూశాం. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ నీళ్ళలో నిలబడ్డారు. మధ్యాహ్నం కాసేపు ఆపారు. పొద్దుట్నించి సాయంత్రం దాకా తొమ్మిది గంటలు వేసుకున్నా, ఒక్కో బోధకుడికి అర నిమిషానికి ఒక మనిషి. తొందర లేకుండానే సరిపోతుంది. క్లౌ దొర ఒక్కరికి కూడా ఇవ్వలేదు, గట్టు మీదే ఉన్నాడు. ఇచ్చినవాళ్ళూ మనవాళ్ళే, తీసుకున్నవాళ్ళూ మనవాళ్ళే. ఆ ఏడు చివరికి కొత్తగా చేరినవాళ్ళు 9,606 మంది.

అందరూ ఒకేలాంటి మనసుతో వచ్చారని మేము అనం. వేలమందిలో నలుగురు పక్కవాణ్ణి చూసి వచ్చి ఉంటారు. దొర దగ్గర ఉంటే కరణం, మునసబు కొంచెం జంకుతారని వచ్చినవాళ్ళూ ఉంటారు. మనిషిగా చూసే చోటికి మనిషి పోతాడు, అందులో తప్పేముంది? క్లౌ దొర రెండో భార్య ఎమ్మా గారు ఆ మాదిగ పెద్దల నోటి కథలు విని 1899లో పుస్తకం వేసింది. అందులో వాళ్ళు ఆకలి గురించి చెప్పినంతగా గౌరవం గురించీ చెప్పారు. దేవుడు, గౌరవం అని రెండు డబ్బాలు పెట్టి మన తాతలను విడదీసి పోయడం చదువుకున్నవాళ్ళ పని. వాళ్ళకు అవి ఒకటే.

లాభం సంగతి కూడా చెప్పేద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డు కులం అంటే హిందువులకే అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఇక్కడ మనం బీసీ, ఆంధ్రాలో బీసీ-సీ. వీధి అదే, పొరకా అదే, పిలుపూ అదే, సర్టిఫికెట్టు మాత్రం వేరు. దీన్ని తప్పించుకోవడానికి కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతికేవాళ్ళు మనలోనూ ఉన్నారు. వాళ్ళను మేము తప్పు పట్టం. పిల్లల చదువులు ఉన్నాయి. కానీ లాభం కోసం చేరారు అనే మాట ఈ లెక్క పక్కన నిలబడదు.

ఇక పాట సంగతి. 1878లోనే జ్యూయెట్ దొర మద్రాసు వచ్చి ఇక్కడి తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టాడు. 1899లో బెజవాడ వైపు రైలు మద్రాసును తాకింది. మా పెద్దలు కొందరు కాలువ పడవల్లో, కొందరు ఆ రైల్లో వచ్చారు. తమ తాతలు తవ్విన నీళ్ళమీదే కొందరు వచ్చారన్నమాట. తెచ్చుకున్న సామాను తక్కువ. తెచ్చుకున్న పాటలు ఎక్కువ. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మా అవ్వలకు అక్షరం రాకపోయినా నోటికి వచ్చు. వాళ్ళలో చాలామంది తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పొరక పట్టుకునే ముందు ఒక కీర్తన పాడేవాళ్ళు. సంతోషం వచ్చి పాడేవాళ్ళా? మాకు అట్లా కనబడలేదు. చలికి దగ్గుతూ, కాళ్ళు నొప్పులంటూనే పాడేవాళ్ళు. పాడాక మొహం కొంచెం మారేది.

పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికను జైల్లో కూర్చుని రాశాడు. అందులో ఆనందించండి అన్నది సలహా కాదు, ఆజ్ఞ. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఉత్తర్వు. సంతోషం రావాలని ఎవరూ ఉత్తర్వు వెయ్యలేరు. చెయ్యమని అయితే వెయ్యొచ్చు. పని లాగా చెయ్యాలి, రాకపోయినా చెయ్యాలి. హబక్కూకు ప్రవక్త పంట పోయి, మంద పోయినా ఆనందిస్తానని అన్నది కూడా పంట చేతికి వచ్చాక కాదు. కరువు చూసిన రైతుకూలీల బిడ్డలకు ఆ అధ్యాయం ఎవరూ వివరించనక్కరలేదు.

2020 మే నెల మీకందరికీ గుర్తే. చెన్నైలో అన్నిటికంటే ఎక్కువ కేసులు మన రాయపురం జోన్‌లోనే. తట్టీలు కట్టి వీధులు మూశారు. గుడి మూత, మసీదు మూత, చర్చి మూత. మన వీధుల్లో ఊడ్చేవాళ్ళు మాత్రం రోజూ ఊడ్చారు. వాళ్ళలో మనవాళ్ళెంతమందో మీకు తెలుసు. ఎదురింటి అవ్వ పోయిన రోజు శవాన్ని ఇంటికి కూడా తేలేదు. ముట్టుకోనివ్వలేదు, చూడనివ్వలేదు. పాస్టరు రాలేడు. చెయ్యడానికి ఏమీ మిగలనప్పుడు, ఆమె కోడలు వాకిట్లోకి వచ్చి కీర్తన ఎత్తుకుంది. గొంతు మధ్యలో తెగింది. పక్కింటివాళ్ళు అందుకున్నారు, మేము అందుకున్నాం, పై మేడమీద నుంచి తమిళంవాళ్ళు కూడా తెలిసినంత అందుకున్నారు. ఏడుస్తూనే పాడాం. బాబూ, నువ్వు విన్నది ఆ పాట. మేము ఆమె పోయినందుకు సంతోషించలేదు. ఆ రోజు మాకు మిగిలిన పని అదొక్కటే, దాన్ని వదులుకోలేదు. నీ తాతలు కూడా కాలువ గట్టున అట్లానే పాడి ఉంటారు, మీ ఇంటి పేరు చూస్తే మీదీ కందుకూరు పక్కేనని మాకు అనుమానం. మీ నాయనను అడుగు.

ఒక్క మనవి. మీ ఇళ్ళల్లో పాత బాప్తిస్మం చీటీలు, పెళ్ళి రిజిస్టరు నకళ్ళు, అట్టలు పోయిన కీర్తనల పుస్తకాలు, వాటి లోపలి పేజీలో తాత చేతిరాతతో ఊరి పేరు, ఏవైనా ఉంటే పారెయ్యకండి. వచ్చే రెండో శనివారం సాయంత్రం ఐదింటికి సంఘం గదికి తీసుకురండి. ఫోనులో ఫోటో తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చేస్తాం. తెలుగు చదవడం రాని పిల్లకాయలను కూడా పంపండి, అ ఆల దగ్గర నుంచి మొదలుపెడదాం. ఆ కాలేజీ పిల్లోడు వస్తానన్నాడు.